మా సాహెబా హయాత్ బక్షీ బేగము - చరిత్రము, మాతృధర్మము

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో స్నాతకునకు ఆచార్యుడు చేయు అనుశాసనమున పూజ్యుల వరుసలో తల్లికే ప్రథమస్థానము లభించినది. ధర్మశాస్త్రకారులును గౌరవవిషయమున తండ్రికంటె తల్లి అనేకగుణాధిక యని నిర్ణయించిరి. ఈ ఆధిక్యమునకు హేతువేమి యని విచారించిన వ్యాఖ్యాతలు సాధారణముగా గర్భధారణ పోషణములనే పేర్కొందురు. తల్లియందలి ధైర్యమునకు, నిశ్చయమునకు, నీతిజ్ఞతకు నిదర్శనము కావలసినచో ఇతిహాసమునే ఆశ్రయింపవలయును. మహాభారతమున ఉద్యోగపర్వమందు కుంతి శ్రీకృష్ణునిద్వారా కుమారులకు పంపిన సందేశమున విదులోపాఖ్యానము గలదు. సింధురాజునకు ఓడి నిరుత్సాహుడై పరుండియున్న కుమారుని సంజయుని విదుల నిష్ఠురముగా మందలించి మరల యుద్ధమునకు పురికొల్పినది. మాతృధైర్యమనగా మన పండితులకు తొలుత స్ఫురించునది ఆ విదులయే.

అయితే కుమారుని యుద్ధమునకు పంపుటయందు ఎంత ధైర్యము కలదో, గెలువరాని యుద్ధమును ఆపుటకై శత్రుశిబిరమునకు తానే వెళ్లుటయందును అంత ధైర్యము కలదు. ఈ రెండవ విధమైన మాతృధైర్యమునకు దృష్టాంతము భాగ్యనగర చరిత్రమునందే కలదు. గోలకొండ కుతుబ్‌షాహీ వంశమున ఐదవ ప్రభువునకు కుమార్తెయు, ఆరవ ప్రభువునకు భార్యయు, ఏడవ ప్రభువునకు తల్లియునై, ప్రజలచేత మా సాహెబా యని పిలువబడిన హయాత్ బక్షీ బేగము ఆ దృష్టాంతము. హయాత్ బక్షీ యను పారసీకనామమునకు జీవప్రద యని అర్థము. ఆ నామము ఆమెయందు ఎట్లు సార్థకమయ్యెనో ఆమె చరిత్రమే తెలుపగలదు.

జననము, వివాహము

హయాత్ బక్షీ బేగము తండ్రి మహమ్మద్ కులీ కుతుబ్‌షా. అతడు 1580లో సింహాసనమెక్కి 1591లో హైదరాబాదు నగరమును నిర్మించెను. చార్మినారును కట్టించిన ప్రభువుగానే గాక, దక్కనీ భాషలో విస్తృతమైన దివాను రచించిన కవిగాను అతడు ప్రసిద్ధుడు. అతని తండ్రి ఇబ్రహీము కుతుబ్‌షా తెలుగుకవులచేత మల్కిభరాముడని కీర్తింపబడినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమొనర్చెను. పొన్నెగంటి తెలగనార్యుని అచ్చతెలుగు కావ్యమైన యయాతిచరిత్రము ఆ కాలపు అధికారియైన అమీనుఖానునకు అంకితమైనది. పారసీకము, దక్కనీ, తెలుగు అను మూడుభాషలు కలిసి ప్రవహించిన ఆస్థానమున హయాత్ బక్షీ పెరిగినది.

ఆమె తల్లి భాగమతి యని ఐతిహ్యము. చంచలము గ్రామమునందలి నర్తకియైన భాగమతిని సుల్తాను వివాహమాడి హైదర్ మహలు అను బిరుదము నిచ్చెననియు, నగరమునకు ఆమె పేరే పెట్టెననియు చెప్పుకొందురు. హరూన్ ఖాన్ షేర్వాణీ మున్నగు చరిత్రకారులు ఈ కథను అంగీకరింపలేదు. భాగమతి యను స్త్రీ ఉండెనా యనునదే వివాదాస్పదముగా నున్నప్పుడు హయాత్ బక్షీ మాతృవంశమునుగూర్చి నిశ్చయముగా పలుకుట తగదు. ఆమె సుల్తానునకు ఏకైకసంతానమనుటయందు మాత్రము సందేహము లేదు. రాజునకు కుమారుడు లేడు. ఇట్టి స్థితిలో కుమార్తె వివాహము కుటుంబవిషయము కాదు, రాజ్యవిషయము.

పారసీక ప్రభువైన షా అబ్బాసు తన కుమారునికి ఈమెను అడిగించెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ సంబంధము కుదిరియుండినచో రాజ్యమునకు వారసత్వసమస్య తీరకుండుటయే గాక, పారసీకుల ప్రాబల్యము మరింత పెరిగెడిది. సుల్తాను తన సోదరుని కుమారుడైన మహమ్మదును అల్లునిగా ఎన్నుకొనెను. నగరనిర్మాణమునకు సూత్రధారియై, పేష్వాగా చిరకాలము రాజ్యభారమును వహించిన మీర్ మోమిన్ అస్త్రాబాదీకి ఈ ఏర్పాటునందు ప్రముఖపాత్ర కలదు. ఆయన పేరిట నున్న దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటిక నేటికిని పాతనగరమున నున్నది. 1607లో వివాహము జరిగెను. 1612లో మహమ్మద్ కులీ మరణించుటతో అల్లుడు మహమ్మద్ కుతుబ్‌షా సింహాసన మెక్కెను. మామగారివలె విలాసప్రియుడు గాక, మహమ్మదు మితభాషియు, విద్యాసక్తుడును, ధర్మనిష్ఠుడును. మక్కామసీదునకు పునాది వేసినది అతడే. ఆ కట్టడము అతని జీవితకాలమున పూర్తి కాలేదు. దానిని పూర్తిచేయించినవాడు తరువాతి కాలమున ఆ రాజ్యమును జయించిన ఔరంగజేబు. ఒకే మసీదు ఆదియందు అల్లుడును, అంతమందు శత్రువును ఉండుట ఈ చరిత్రమున తరచుగా కనబడు విధివిలాసములలో నొకటి.

మొక్కు, గొలుసు

1614లో హయాత్ బక్షీకి కుమారుడు జన్మించెను. అతడే అబ్దుల్లా. తండ్రి పండ్రెండేండ్లవరకు బిడ్డను చూచినచో అరిష్టము కలుగునని జ్యోతిష్కులు చెప్పగా, బాలుని తండ్రికి దూరముగా పెంచిరని ప్రతీతి. ఆ పండ్రెండేండ్లును తండ్రి స్థానమునందు సైతము తల్లియే నిలువవలసినది. అబ్దుల్లా చరిత్రమునందు పిమ్మట కనబడు మాతృపరతంత్రతకు బీజము ఇక్కడ పడినదని ఊహించుట అసంగతము కాదు.

మా సాహెబా పేరు చెప్పగానే పాతనగరమున ఇప్పటికిని స్మరింపబడు కథ ఒకటి కలదు. బాలుడైన అబ్దుల్లా ఒకనాడు మూరత్ అను ఏనుగునెక్కి విహరించుచుండగా దానికి మదమెక్కెను. మావటిని లక్ష్యపెట్టక అది రాకుమారునితో అడవిలోనికి పారిపోయెను. దానిని పట్టుటకు వెళ్లిన సైనికులు దగ్గరకు చేరలేకపోయిరి. ఏనుగును బాణములతో కొట్టినచో బిడ్డ ప్రాణమునకే ముప్పు. అప్పుడు తల్లి రెండు పనులు చేసినది. మొదటిది, ఏనుగు సంచరించు దారులలోని చెట్లకొమ్మలకు అన్నపు మూటలను, నీటిపాత్రలను కట్టించినది. ఏనుగుపైనున్న బాలునికి కొమ్మ అందును గాని నేల అందదు. రెండవది, కుమారుడు క్షేమముగా తిరిగివచ్చినచో ఏనుగు కాలికి కట్టు గొలుసంత బరువుగల బంగారు గొలుసును చేయించి, హుసేనీ ఆలమునకు సమర్పించి, దానిని బీదలకు పంచిపెట్టెదనని మొక్కుకొన్నది. కొన్ని దినములకు ఏనుగు శాంతించి నగరమునకు తిరిగివచ్చినదని, రాకుమారుడు క్షేమముగా దిగెనని, తల్లి మొక్కు చెల్లించెనని కథ.

ఏనుగు కాలిగొలుసునకు లంగర్ అని పేరు. ఓడను నిలుపు ఇనుపకొక్కెమును తెలుగువారు లంగరు అందురు గదా, ఆ శబ్దమే ఇది. సంస్కృతమున ఆలానము గజమును కట్టు స్తంభము, శృంఖల దాని బంధనము. ఈ మొక్కునుండి పుట్టినదే లంగర్ ఊరేగింపు. మొహర్రము నెల ఐదవదినమున చార్మినారు ప్రాంతమునుండి హుసేనీ ఆలమునకు అది సాగుచుండెడిది. కుతుబ్‌షాహీలు పోయిన తరువాత ఆసఫ్‌జాహీ ప్రభువులును దానిని కొనసాగించిరి. వారి కాలమున అది గజములు, అశ్వములు, అరబ్బుదళములు, రోహిలాదళములు పాల్గొను సైనిక ప్రదర్శనముగా మారెను. తల్లి మొక్కు రాజుల వైభవముగా పరిణమించిన చిత్రమైన ఘట్టమిది.

ఈ కథ ఎంతవరకు చరిత్రము, ఎంతవరకు జనశ్రుతి యను విచారణ పరిశోధకులకు అవశ్యకర్తవ్యమే. అయినను కథయందలి ఒక అంశమును గమనింపవలయును. ఈ తల్లి కేవలము మొక్కుకొని ఊరకుండలేదు. మొక్కునకు ముందు కొమ్మలకు అన్నము కట్టించినది. దైవమును నమ్మినది, పురుషకారమును వదలలేదు. దైవపౌరుషములు రెండును రథమునకు రెండు చక్రములవంటివని మన నీతికారులు ప్రతిపాదించిన సిద్ధాంతమును పాతనగరపు జనులు తమ కథలో ఈ విధముగా నిలుపుకొనిరి.

పాతనగరమున ఆమె పేరుతో ముడిపడిన ఆచారము మరియొకటి కలదు. మొహర్రము పదవదినమున దబీర్‌పురాలోని బీబీ కా అలావానుండి బయలుదేరు బీబీ కా ఆలము, ప్రవక్త కుమార్తెయు ఇమాము హుసేనుని తల్లియునగు ఫాతిమాను స్మరించునది. మహమ్మద్ కుతుబ్‌షా భార్య ఈ ఆలమును తొలుత గోలకొండలో ప్రతిష్ఠించెనని, తరువాత ఆసఫ్‌జాహీల కాలమున అది దబీర్‌పురాకు మారెనని ప్రతీతి. కుమారుని కోల్పోవుదునేమోయని వణకిన తల్లి, మరియొక తల్లిపేర ధ్వజము నెత్తుట సహజమైన మనోధర్మమే.

రాజమాత

1626లో మహమ్మద్ కుతుబ్‌షా మరణించెను. అబ్దుల్లాకు అప్పటికి పండ్రెండేండ్లు. రాజు బాలుడు, రాజమాత విధవ, ఆస్థానమున పారసీకులకును దక్కనీలకును పొత్తు లేదు, ఉత్తరమున మొగలు సామ్రాజ్యము నానాటికి దక్షిణమునకు ప్రాకుచున్నది. అహమ్మదునగరమున చాంద్‌బీబీ ఇట్టి పరిస్థితిలోనే కోటను కాపాడి, 1600లో సొంతవారిచేతనే హతురాలయ్యెను. ఆ స్మృతి దక్కనున ఇంకను చల్లారలేదు. హయాత్ బక్షీ చాంద్‌బీబీవలె కత్తిపట్టలేదు. తెరవెనుకనే ఉండి, కుమారుని పేరిట రాజ్యమును నడపినది. అధికారుల నియామకమునందును, వివాదముల పరిష్కారమునందును ఆమె మాటకు తిరుగులేదు. తల్లియను శబ్దమునకు గౌరవవాచకమును చేర్చి ప్రజలు ఆమెను మా సాహెబా యని పిలిచిరి. నగరమునకు పడమటనున్న చెరువునకు మా సాహెబా చెరువని పేరు వచ్చెను. జనవ్యవహారమున అది మాసాబ్ ట్యాంకు అయినది.

నగరమునకు తూర్పున మచిలీపట్టణమునకు పోవు రాజమార్గమున ఆమె పేర హయాత్‌నగరము వెలసెను. అచ్చట మసీదు, బాటసారులు దిగుటకు సరాయి, ఏనుగుబావి యని పిలువబడు విశాలమైన బావి కలవు. ఈ స్థలమును ఎన్నుకొనుటయందు రాజనీతి కలదు. గోలకొండ రాజ్యమునకు ప్రాణనాడి మచిలీపట్టణపు రేవు. కృష్ణాతీరపు కొల్లూరు వజ్రములు, కోస్తా నేతవస్త్రములు ఆ రేవునుండియే విదేశములకు పోవుచుండెను. 1632లో ఆంగ్లేయ వర్తకులకు అబ్దుల్లా యిచ్చిన ఫర్మానా స్వర్ణఫర్మానాయని పేరొందినది. రాజధానికిని రేవునకును నడుమ మొదటి మజిలీని ఏర్పరచుట రాజ్యమునకు అన్నము పెట్టు దారిని కాపాడుటయే.

అబ్దుల్లా కాలము సాహిత్యమునకు మంచికాలము. వజ్హీ సబ్‌రస్ అను గద్యకావ్యమును 1635లో రచించెను. గవ్వాసీ తూతీనామాను వ్రాసెను. ఇబ్న్ నిషాతీ ఫూల్‌బన్ అను కావ్యమును 1655లో ముగించెను. పారసీక నిఘంటువులలో సుప్రసిద్ధమైన బుర్హానె ఖాతె ఈ అబ్దుల్లాకే అంకితము. క్షేత్రయ్య గోలకొండ ప్రభువు సమక్షమున అనేకపదములు చెప్పెనని తెలుగువారి ఐతిహ్యము. ఆ ప్రభువు అబ్దుల్లాయే యని పలువురి మతము. కళాపోషణము రాజునకు వన్నె తెచ్చినది గాని, రాజ్యమునకు బలమీయలేదు. 1636లో షాజహాను దక్కనునకు వచ్చి నిర్బంధింపగా అబ్దుల్లా విధేయతాపత్రమును వ్రాసియిచ్చెను. సాలుకు రెండులక్షల హొన్నులు కప్పము కట్టుటకును, ఖుత్బాలో తమ సంప్రదాయమునకు భిన్నముగా మొదటి నలుగురు ఖలీఫాల పేళ్లను చదివించుటకును అంగీకరించెను. ఈ షాజహానే రాకుమారుడుగా నున్నప్పుడు తండ్రిపై తిరుగబడి, 1623లో గోలకొండ రాజ్యము మీదుగా ఒరిస్సాకు దాటిపోయెను. ఆనాడు దారి యిచ్చినవాడు హయాత్ బక్షీ భర్త. చేసిన ఉపకారము రాజ్యవ్యవహారములలో గణనకు రాదని రాజమాతకు అప్పుడే తెలిసియుండును.

మీర్ జుమ్లా వైరము

అబ్దుల్లా రాజ్యమునకు అసలు ముప్పు లోపలినుండి వచ్చినది. మహమ్మద్ సయ్యదు పారసీకదేశమున అర్దిస్తానులో నూనెవర్తకుని కుమారుడు. వజ్రవ్యాపారమునకు గోలకొండ వచ్చి, ధనము సంపాదించి, క్రమముగా రాజ్యమున మీర్ జుమ్లా పదవిని పొందెను. కర్ణాటకమున దండయాత్రలు సలిపి 1650లో గండికోటను పెమ్మసానివారినుండి కైవసము చేసికొనెను. జయించిన దేశమును ప్రభువునకు అప్పగింపక తానే ఏలజొచ్చెను. సొంత సైన్యము, సొంత ఫిరంగులు, సొంత ఓడలు గల సేవకుని అదుపుచేయుట ఏ రాజునకైనను కష్టమే. అబ్దుల్లాకు మరియు కష్టము.

1655 నవంబరు మాసమున మీర్ జుమ్లా కుమారుడు మహమ్మద్ అమీను మద్యము త్రాగి కొలువునకు వచ్చి రాజసమక్షమున అనుచితముగా ప్రవర్తించెను. రాజు అతనిని కుటుంబముతోకూడ చెరలో పెట్టించెను. మీర్ జుమ్లా అప్పటికే దక్కను సుబేదారైన ఔరంగజేబుతో మంతనములాడుచుండెను. గోలకొండను కబళించుటకు అవకాశమునకై వేచియున్న ఔరంగజేబునకు కారణము దొరికినది. 1656 జనవరిలో అతని కుమారుడు మహమ్మద్ సుల్తాను సైన్యముతో హైదరాబాదుపై వచ్చిపడెను. అబ్దుల్లా మహమ్మద్ అమీనును విడుదల చేసినను దండు ఆగలేదు. జనవరి 22న రాజు నగరమును విడిచి గోలకొండ కోటలో తలదాచుకొనెను. నగరము దోపిడికి గురియయ్యెను. రాజప్రాసాదమునందలి ధనరాసులతోపాటు అమూల్యమైన గ్రంథములును కొల్లగొట్టబడెను. మూడుతరముల గ్రంథసంచయము చెదరిపోయిన ఆ దినము పండితలోకము మరువరానిది. ఫిబ్రవరి 6న ఔరంగజేబు స్వయముగా వచ్చి కోటను ముట్టడించెను.

ఈ వైరమునకు మరియొక కారణమున్నదని బెర్నియరను పరాసు యాత్రికుడు రాజమాతపై అపవాదము నొకదానిని వ్రాసెను. ఈ యుద్ధము ముగిసిన తరువాతనే భారతదేశమునకు వచ్చి, దూరమున విన్న వదంతిని అతడు లిఖించెను. మీర్ జుమ్లా ధనమును, సైన్యమును, రాజద్రోహమును చూచుచుండగా వైరమునకు వేరుకారణము వెదకవలసిన పనిలేదు. అధికారము నెరపిన స్త్రీకి అపవాదము తప్పదను లోకరీతికి మాత్రము అది నిదర్శనము.

శత్రుశిబిరమునకు

కోటలో రాజు. బయట నలుదెసల మొగలు ఫిరంగులు. బిజాపురమునుండి సాయమందలేదు. రాజు పంపిన కానుకలు, రాయబారులు ఫలింపలేదు. ఔరంగజేబు కోరినది ధనము కాదు, రాజ్యము. ఇట్టి సమయమున మా సాహెబా కోటద్వారము తెరిపించుకొని శత్రుశిబిరమునకు బయలుదేరినది. ఆమెకు పెండ్లియై అప్పటికి 49 సంవత్సరములు, వైధవ్యము ప్రాప్తించి 30 సంవత్సరములు. రాణివాసపు మర్యాదలలో జీవితమంతయు గడపిన వృద్ధురాలు పరదండులోనికి పోవుట సామాన్యము కాదు. ఆమెను బందీగా పట్టుకొన్నచో కోట మరునాడే లొంగును. ఆ సంగతి ఆమె ఎరుగనిది కాదు.

ఔరంగజేబు ఆమెకు దర్శనమిచ్చెను. కుమారుని ప్రాణమును, రాజ్యమును ఆమె యాచించినది. సంధి కుదిరినది. కప్పపు బాకీలుగాక కోటి రూపాయలు యుద్ధవ్యయము క్రింద చెల్లించుట, అబ్దుల్లా రెండవ కుమార్తెను మహమ్మద్ సుల్తానునకిచ్చి వివాహము చేయుట, రామగిరి ప్రాంతమును వదలుకొనుట అందలి నియమములు. ఢిల్లీలో దారాషికో ప్రయత్నమువలన షాజహాను క్షమాపణమును ప్రసాదించి, ముట్టడిని విడువుమని కుమారుని ఆజ్ఞాపించెను. మార్చి 30న సైన్యము తొలగినది. ఏప్రిలులో వివాహము జరిగినది. కోటిరూపాయలలో కొంత షాజహాను పిమ్మట తగ్గించెను.

ముట్టడి తొలగుటకు ఢిల్లీ ఆజ్ఞయే కారణము, రాజమాత రాయబారము నిమిత్తమాత్రమని కొందరి అభిప్రాయము. ఇది సగము నిజము. ఆజ్ఞ సైన్యమును ఆపగలదు. కాని విజయము చేతికందిన సేనాని ఆగుటకు ఫలము చూపవలయును. ఆ ఫలమును చూపినది ఆమె. కామందకుడు నీతిసారమున చెప్పిన పదునారు సంధులలో ఉపహారసంధి ధనమిచ్చి చేయునది, సంతానసంధి కన్యనిచ్చి చేయునది, ఆదిష్టసంధి భూభాగమునిచ్చి చేయునది. ఈ మూడును 1656 నాటి ఒప్పందమున ఒకచోట చేరినవి. బలీయుడైన శత్రువునెదుట దుర్బలుడు సర్వస్వమును కాపాడుటకై కొంత వదలవలయునని కౌటిల్యుడు ఆబలీయసాధికరణమున నిరూపించెను. సంస్కృతనీతిశాస్త్రములు ఆమె చదివియుండదు. రాజ్యమును ముప్పదేండ్లు నడపిన అనుభవమే ఆమెకు శాస్త్రము.

అయితే ఈ సంధియందు ఒక విషాదము కలదు. కుమారుని కాపాడుటకు తల్లి చెల్లించిన మూల్యములో మనుమరాలు ఒక భాగము. నగరమును దోచిన సేనానికే ఆ నగరపు రాజపుత్రి వధువయ్యెను. ఆ బాలిక అభిప్రాయమును ఏ గ్రంథమును లిఖింపలేదు. రాజవంశములయందు కన్యలు సంధిపత్రములలో నియమములగుట అన్ని దేశములయందును కలదు. హయాత్ బక్షీ వివాహమును రాజ్యావసరమున జరిగినదే. ఆమె తానెట్లు ఇయ్యబడెనో మనుమరాలినట్లే యిచ్చినది. ఆమె మహిమను కీర్తించునపుడు ఈ సంగతిని దాచుట చరిత్రధర్మము కాదు. ఈ వివాహమువలన మహమ్మద్ సుల్తాను గోలకొండకు వారసుడగునను ఆశ మొగలులకుండెను. అదియు ఫలింపలేదు. వారసత్వయుద్ధమున అతడు పెదతండ్రి షూజా పక్షమున చేరి, తండ్రిచేత బంధింపబడి, గ్వాలియరు కోటలో చెరయనుభవించి, 1676లో మరణించెను.

అంత్యదశ

సంధి జరిగిన పదునొకండేండ్లకు, 1667లో, మా సాహెబా పరమపదించినది. గోలకొండ కోటకు చేరువనున్న కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆమెకు ప్రభువులకు తీసిపోని భవ్యమైన సమాధిని నిర్మించిరి. అచ్చటి స్త్రీల సమాధులలో దానికి సాటి లేదు. దాని ప్రక్కనే అదే కాలపు పెద్ద మసీదు కలదు. శతాబ్దములుగా శిథిలమగుచు వచ్చిన ఈ సమాధులకు 2013 నుండి ఆగాఖాన్ సంస్థ జీర్ణోద్ధారణము చేపట్టెను. ఆ కార్యమున మా సాహెబా సమాధియు సున్నపుపూతతో పూర్వశోభను పొందినది.

తల్లి పోయిన ఐదేండ్లకు, 1672లో, అబ్దుల్లా మరణించెను. అతనికి కుమారులు లేరు. మూడవ అల్లుడైన అబుల్ హసన్ తానీషా రాజయ్యెను. అక్కన్న మాదన్నల మంత్రిత్వము, కంచెర్ల గోపన్న చరిత్రము తెలుగువారికి సుపరిచితములే. 1687 సెప్టెంబరులో, ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట, కోట ఔరంగజేబు వశమైనది. ఒకప్పుడు ఏ కోటముందు ఆ తల్లి అతనిని నిలిపినదో, ఆ కోటముందే అతడు ముప్పదియొక సంవత్సరముల తరువాత మరల నిలిచెను. ఈ పర్యాయము ఎదురువచ్చుటకు మా సాహెబా లేదు.

చరిత్రకారులు అబ్దుల్లాను విలాసప్రియుడు, దుర్బలుడని నిందించిరి. తల్లి అతిసంరక్షణమే అతనిని దుర్బలుని చేసినదను ఆక్షేపణ యొకటి కలదు. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. విదుల కుమారుని లేపి నిలబెట్టినది. హయాత్ బక్షీ కుమారుని బదులు తానే నిలబడినది. సమకాలికురాలైన జిజాబాయి కుమారుని స్వతంత్రప్రభువుగా తీర్చిదిద్దినది. ఈ తులనమున మా సాహెబాకు న్యూనత కలదనుటకు అవకాశమున్నది. కాని ఒక భేదమును గమనింపవలయును. జిజాబాయి కుమారునకు పోగొట్టుకొనుటకు సింహాసనము లేదు, సంపాదించుటకు రాజ్యమున్నది. హయాత్ బక్షీ కుమారునకు సంపాదించుటకేమియు లేదు, పోగొట్టుకొనుటకు సర్వస్వమున్నది. సంపాదించు తల్లి యశస్సు కావ్యములలో నిలుచును. కాపాడు తల్లి శ్రమ ఆమె కాపాడినది నిలిచియున్నంతకాలము ఎవ్వరికిని కనబడదు. 1656లో కోట పడియుండినచో తరువాతి 31 సంవత్సరముల గోలకొండ చరిత్రము లేదు. అక్కన్న మాదన్నల మంత్రాంగము లేదు. రామదాసు చరిత్రము మరియొక విధముగా నుండెడిది. ఆ తల్లి శత్రువునుండి యాచించి తెచ్చిన కాలములోనే తెలుగుదేశము వానిని పొందినది.

మా సాహెబా చెరువు నేడు లేదు. దాని స్థలమున పిల్లలు ఆడుకొను ఉద్యానము వెలసినది. లంగర్ ఊరేగింపు ఆగిపోయినది. రేవుకు పోవు దారిలోని హయాత్‌నగరము మహానగరమున కలిసిపోయినది. అనుదినము వేలకొలది జనులు మాసాబ్ ట్యాంకు పేరును, హయాత్‌నగరము పేరును ఉచ్చరించుచునే యున్నారు. మొదటిదానియందు తల్లి యను శబ్దమును, రెండవదానియందు ప్రాణమను శబ్దమును దాగియున్నవని వారిలో ఎందరో ఎరుగరు. ఎరుగకున్నను పలుకుచునే యున్నారు.